మూత తీసి చేసిన ప్రార్థన

గోదావరిఖనిలో ఎవరైనా "నువ్వేం పని చేస్తవమ్మా" అని అడిగితే "ద్రాక్షారసం సప్లై చేస్త" అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు ముందు నా ముఖం చూసేవాళ్లు, ఆ తర్వాత నా చేతిలోని సంచి చూసేవాళ్లు. మాది బొగ్గు బావుల ఊరు. షిఫ్టు దిగిన కాళ్లు ఇంటికంటే ముందు ఎటు పోతాయో అందరికీ తెలిసిందే. అలాంటి ఊళ్లో ఒక ఆడమనిషి సంచిలో సీసాలు గలగలలాడించుకుంటూ బస్సెక్కి ఆ మాట అంటే ఎవరు మాత్రం ఏమనుకోరు? ఒకసారి పెద్దపల్లి బస్సులో ఒకాయన నా సీటు పక్కకు జరిగి, గొంతు తగ్గించి, "క్వార్టర్ ఎంతకిస్తవు?" అని అడిగాడు. "ఆదివారం చర్చికి రా అన్నా, పైసల్లేకుండనే పోస్తరు" అన్నాను. ఆయన తర్వాతి స్టేజీలోనే సీటు మారాడు.

ఇప్పుడు ఆ పని మానేశాను. మోకాళ్లు మొరాయించాయి. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెబుతాను. ఈమధ్య మా చర్చి ఆడపిల్లలు కొందరు ఇంటికొచ్చి, సొంతంగా ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకుంటామని, నా అనుభవం చెప్పమని కూర్చున్నారు. పెట్టుబడి గురించో గిరాకీ గురించో చెప్పి పంపాల్సింది. నా నోటికి మాత్రం ఒక ఈస్టర్ ఆదివారం తప్ప ఇంకేమీ రాలేదు. అదంతా విని, "ఇది రాసి పెట్టు పెద్దమ్మా" అన్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు నా సరుకేమిటో చెప్పాలి. మా చర్చిల్లో నెలలో మొదటి ఆదివారం, పెద్ద పండుగలప్పుడూ సభ్యులు ముందుకొచ్చి మోకరిస్తారు. పాస్టరు అయ్యగారు ఒక రొట్టె ముక్క ఇస్తారు, ఆ వెనకే చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. ప్రభువు తన శిష్యులతో చేసిన ఆఖరి భోజనాన్ని గుర్తు చేసుకోవడం అది. మావాళ్లు దాన్ని 'బల్ల' అంటారు. ఆ రసంలో మందు ఉండకూడదని మా చర్చిల పట్టుదల. భర్తలు తాగితే ఇల్లు ఏమవుతుందో చూసిన ఆడవాళ్లు నిండిన చర్చిలవి. ఆ పట్టుదల ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ పని అసలు మా అత్తమ్మది. మా మామ బావిలో బొగ్గు నింపే కాలం నుంచే మా కాలనీ చర్చికి రసం ఆమే చేసి ఇచ్చేది. నేను కోడలిగా వచ్చాక ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆమె ఒక చర్చికి చేస్తే నేను కాసిపేట నుంచి పెద్దపల్లి దాకా చిన్న చిన్న చర్చిలకు చేశాను. నల్లద్రాక్ష కడిగి ఆరబెట్టి, చేత్తో నలిపి, మరిగించి, పలుచటి బట్టలో వడకట్టి, మళ్లీ మరిగించి, పొగలు కక్కుతుండగానే సీసాల్లో పోసి మూత బిగించాలి. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం పోయాలి. అంతే. కానీ ఒకసారి మూత తీసి గాలి సోకనిచ్చామా, మా ఎండలకు నాలుగు రోజుల్లో బుడగలు లేచి, పులిసి, అది వేరే దుకాణంలో అమ్మే సరుకైపోతుంది. అందుకే చర్చిలో మూత తీసిన సీసాను ఆ పూటే ఖాళీ చేయాలని అందరికీ చెప్పేదాన్ని.

ఎవరో ఉప్పందిస్తే ఆబ్కారీ ఆఫీసరు కూడా ఒకసారి ఇంటికి వచ్చాడు. సీసాలన్నీ తిప్పి చూసి, ఒకటి తెరిపించి, గ్లాసులో పోయించుకుని తాగాడు. "ఇదేంది, పిల్లల టానిక్ లెక్కున్నది" అని ముఖం చిట్లించాడు. ఆ తర్వాత ఇంకో గ్లాసు అడిగి తాగి వెళ్లిపోయాడు. మా అత్తమ్మ మాత్రం చాలా రోజులు ఆయన రెండో గ్లాసు గురించే చెప్పుకుంది.

ద్రాక్ష నాకు పండ్ల మార్కెట్లో ఒక భాయ్ ఇచ్చేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, అంగట్లో తెలుగు. నన్ను ఆపా, అంటే అక్కా, అనేవాడు. నలిగిన పండు ఒక్కటి కూడా నా బుట్టలో వేయనిచ్చేవాడు కాదు. "మీ దేవుని దగ్గరికి పోయే మాలు, ఖరాబైతే నాకు బద్నాం" అని తానే ఒక్కో గుత్తి ఎత్తి చూసి వేసేవాడు. ఆయన దగ్గర నేను బేరమాడడం ఎప్పుడో మానేశాను.

సీసాల సంగతే తలనొప్పి. మా ఊళ్లో సులువుగా దొరికే ఖాళీ సీసాలు ఏవో మీరే ఊహించుకోవచ్చు. పాతసామాను కొట్లో గోనెసంచుల కొద్దీ ఉండేవి. అవే తెచ్చి, వేడినీళ్లలో సోడాపొడి వేసి నానబెట్టి, కడిగి, ఉడకబెట్టి వాడేవాళ్లం. ఎంత శుభ్రం చేసినా ఆకారం మారదు కదా. ఒక చర్చి అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, మా సీసా చూసి బిత్తరపోయింది. "దీన్ని నేను బీరువాల ఎట్ల పెట్టుకోవాలె? చూసినోళ్లు అయ్యగారిని ఏమనుకుంటరు?" అంది. అప్పటినుంచి తెల్ల కాగితం చుట్టి పంపేదాన్ని.

ఆ సీసాలు కడగడానికి నాకు తోడుగా మా కాలనీ చివరి లైను క్వార్టర్ నుంచి ఒకామె వచ్చేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. తోడబుట్టినవాళ్లం కాకపోయినా ఆ వరసలు మా మధ్య గట్టిగానే నిలిచాయి. ఆమె భర్తది బావిలో టింబర్ పని. గని కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని అది. పనిలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. అయితే పనిలోకి వెళ్లిన రోజులకంటే వెళ్లని రోజులే ఎక్కువయ్యాయి. మస్టర్లు, అంటే హాజరు, తగ్గి కంపెనీ ఛార్జిషీటు ఇచ్చింది. దానికీ చలించలేదు. ఒక క్రిస్మస్ ఆరాధనకు తాగి వచ్చి, పాటలవాళ్లకంటే గట్టిగా పాడి, చివరికి డోలక్ మీద పడ్డాడు. పిల్లలు నవ్వారు. నవ్విన పిల్లల్లో అతని పిల్లలు లేరు, వాళ్లు తల దించుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత సంఘపెద్దలు కూర్చుని అతణ్ని బల్లకు దూరం పెట్టారు. చర్చికి రావచ్చు, వెనక చాప మీద కూర్చోవచ్చు, అందరూ లేచి ముందుకు వెళ్లి మోకరించినప్పుడు మాత్రం అతను కూర్చునే ఉండాలి. బయటివాళ్లకు ఇది చిన్న సంగతిలా అనిపిస్తుందేమో. మా కాలనీలో ఒక మగవాడు అందరి ముందూ అలా కూర్చుండిపోవడం ఛార్జిషీటుకంటే పెద్ద శిక్ష.

ఒకనాటి నుంచి అతను మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. బల్ల ఆదివారం రాగానే వెనక చాప మీద కూర్చుని, వంగిన తలలన్నిటినీ చూసుకుంటూ ఉండేవాడు.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక పొద్దున చెల్లె సీసాల తొట్టి ముందు కూర్చోకుండా నిలబడే ఉంది.

"అక్కా, నేను ఈ సీసలు కడుగుడు బంద్ చేస్త."

"ఏమైంది? నేనేమన్న అన్ననా?"

"నువ్వేమంటవ్ అక్కా. నా చేతులు ఎంత కడిగినా వాసన పోతలేదు. అన్నం పెడుతుంటే ఆయన ముఖం తిప్పుకుంటున్నడు. నిన్న నా చెయ్యి పట్టుకొని ముక్కు కాడ పెట్టుకొని ఏడ్చిండు."

ఒక మనిషి మందు మానడానికి కిందా మీదా పడుతుంటే, మేము ప్రభువు పేరు చెప్పుకుని వాళ్లింటికి రోజూ ఆ వాసన పంపుతున్నాం. ఆ మధ్యాహ్నమే గోనెసంచులన్నీ తిరిగి పాతసామాను కొట్లో పడేశాను. హైదరాబాదు నుంచి కొత్త సీసాలు తెప్పించాను. "సీసలు మార్చినవ్, రేపు ఊరు మారుస్తవా?" అని మా ఆయన గొణిగాడు. గొణుగుతూనే బస్టాండు నుంచి ఆ అట్టపెట్టెలు బండి మీద మోసుకొచ్చాడు. చెల్లె మళ్లీ పనిలోకి వచ్చింది.

ఏడాది నిలబడితే ఈస్టర్ నాడు బల్లకు తీసుకుంటామని పెద్దలు అతనికి మాటిచ్చారు. అతను నిలబడ్డాడు. చెల్లె అతనికి తెల్ల చొక్కా కుట్టించింది. ఈస్టర్ వారమంతా ఆమె నా దగ్గర పని చేస్తూ ఒకటే మాట. "ఆదివారం దాటితే చాలక్కా. నలుగుట్ల ఆయన మోకరిస్తే చూడాలె. నా పిల్లలు చూడాలె." నేను నవ్వి, "మా రసం తాగి నీ మొగడు ఎగురుతడులే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గిల్లుతుంది.

మా అత్తమ్మకు అప్పటికే చూపు మందగించింది. మంచం మీద కూర్చునే ఉండేది. అయినా సరుకు బయటికి పోయేముందు పెట్టె మీద చెయ్యి వేసి ప్రార్థన చేయందే పంపనిచ్చేది కాదు. ఆ వారం ఊళ్ల సరుకంతా ముందే పంపేశాను. మా చర్చికి ఇచ్చే సీసాలు మాత్రం ఆమె తన మంచం పక్కన పెట్టించుకుంది. "ఇవి నేను చూసుకుంట. నువ్వు నీ పని చేసుకో" అంది. ఆమె దగ్గర పెడితే దేవుడి దగ్గర పెట్టినట్టే అనుకున్నాను. రెండు రోజులకు మా ఆయన వాటిని తీసుకెళ్లి చర్చి బీరువాలో పెట్టి వచ్చాడు. రేకుల కప్పు కింద, ఏప్రిల్ ఎండలో, అవి ఆదివారం దాకా అక్కడే ఉన్నాయి.

ఈస్టర్ ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఎడమవైపు ఆడవాళ్లం, కుడివైపు మగవాళ్లు. రెండో షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్లు టిఫిన్ గిన్నెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అయ్యగారు అతని పేరు పిలిచి, సంఘం అతణ్ని తిరిగి బల్లకు పిలుస్తోందని చెప్పారు. అతను వెనక చాప మీంచి లేచి, అందరి మధ్య నుంచి నడిచి వచ్చి, మొదటి వరసలో మోకరించాడు. చెల్లె నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

రొట్టె ఇచ్చారు. తిన్నాడు. తర్వాత రసం గ్లాసుల పళ్లెం పట్టుకుని సంఘపెద్ద వచ్చాడు. రిటైరైన స్కూలు మాస్టారు ఆయన. ముందుగా అతనికే అందించాడు. అతను గ్లాసు తీసుకుని నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాడు. అలా ఎంతసేపున్నాడో గానీ, నాకు చాలా సేపనిపించింది. తర్వాత ఆ గ్లాసును తిరిగి పళ్లెంలో పెట్టేసి, లేచి, ఎవరినీ చూడకుండా తలుపు దాటి బయటికి వెళ్లిపోయాడు.

చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. మా బల్ల దగ్గర ఒక నియమం ఉంది. మనసులో దాచుకున్న పాపం ఉంటే గ్లాసు ముట్టకూడదు. అందుకని గ్లాసు తిప్పి పంపినవాడు ఏదో దాచాడనే అర్థం. నా వెనక కూర్చున్నామె "దొంగతనంగ తాగుతున్నడేమో" అంది. చెల్లె నా చెయ్యి వదిలేసింది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె పిల్లలు మళ్లీ తల దించుకున్నారు.

నేనెందుకు లేచానో నాకే తెలియదు. మాస్టారు పళ్లెం పట్టుకుని అయోమయంగా నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోయి అతను పెట్టిన గ్లాసు తీసి వాసన చూశాను. ఏళ్ల తరబడి పాత సీసాలు కడిగిన ముక్కు నాది, అది పొరపడదు. గ్లాసు అంచున సన్నటి బుడగలు కూడా ఉన్నాయి.

అప్పుడు నాకు తట్టిందేమిటో దాచకుండా చెబుతాను. ముందు నా వ్యాపారమే కళ్ల ముందు తిరిగింది. ప్రభు బల్ల మీద మందు పెట్టిన మనిషి అని కాసిపేట దాకా చెప్పుకుంటారు. ఆబ్కారీ వాళ్లు మళ్లీ వస్తారు, ఈసారి టానిక్ అనరు. ఆ వెంటనే తలుపు వైపు చూశాను. ఏడాదిపాటు పళ్లు బిగబట్టి నిలబడిన మనిషి, నోటి దాకా వచ్చిన మందును, అదీ దేవుడి పేరు మీద వచ్చినదాన్ని, వెనక్కి పెట్టి వెళ్లాడు. ఇదేంటని అడగలేదు, ఎవరినీ అనలేదు. అతను అన్నా ఎవరు నమ్ముతారు? 'నీకు ఎప్పుడూ అదే యావ' అంటారు.

"అయ్యగారూ, ఆపుండ్రి!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఎవలు తాగకుండ్రి. రసం పులిసింది. ఇది మందైంది. ఆయన దగ్గర ఏ పాపం లేదు. నా సరుకే ఖరాబైంది."

అయ్యగారు వచ్చి గ్లాసు వాసన చూసి, తల పంకించారు. మాస్టారు మాత్రం నోరు తెరిచి, "మూత తియ్యంగనే బుస్సుమన్నదమ్మా. ఎండకు గట్ల అయిందేమో అనుకున్న. వాసన గూడ మంచిగనే ఉండె" అన్నాడు. పాపం, పుట్టి బుద్ధెరిగాక మందు వాసన ఎలా ఉంటుందో ఎరగని మనిషి. ఈలోగా మొదటి వరసలో గ్లాసులు అందుకోబోయినవాళ్లలోంచి ఒకాయన మెల్లగా, "నాకు గూడ అనుమానం వచ్చింది" అన్నాడు. ఇంకొకాయన, "అవు, వాసన గట్లనే కొట్టింది" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఇద్దరు భార్యలు ఒకేసారి తల తిప్పి చూశారు. "నీకెట్ల తెలుసు?" అన్న ప్రశ్న ఆ చూపుల్లోనే ఉంది. ఆ మగవాళ్లిద్దరూ వెంటనే కళ్లు మూసుకుని ప్రార్థనలో పడ్డారు. వాసన పట్టీ ఎవరూ ఎందుకు చెప్పలేదో నాకప్పుడు తెలిసింది.

బయటికి పరుగెత్తాను. అతను చర్చి పక్కన నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా వీపంతా చెమటకు తడిసిపోయింది. ఎదురుగా నిలబడ్డాను.

"నా తప్పే. రసం పులిసింది. అందరికీ చెప్పిన" అన్నాను.

అతను తల ఎత్తకుండానే, "నోటి దాంక వచ్చింది వదినా" అన్నాడు. "ఏడాదాయె మందు ముట్టక. పానం గుంజింది. దేవుడే ఇస్తున్నడు తాగురా అని లోపట ఒకడు అంటనే ఉన్నడు. ఇంకొంచెం సేపైతే తాగుతుంటి."

"తాగలేదు కదా."

"తాగలేదు" అన్నాడు. తానే నమ్మలేనట్టుగా ఇంకోసారి అన్నాడు, "తాగలేదు."

చెల్లె నా వెనకే వచ్చి నిలబడింది. కొంగుతో అతని మెడ మీద చెమట తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు. అతను బల్ల దగ్గర మోకరిస్తే చూడాలన్నది ఆమె ఆశ. లేచి వచ్చేయడమే అంతకంటే పెద్దదని ఆమెకు అర్థమైందో లేదో, ఆ చెయ్యి మాత్రం అతని మెడ మీదనే ఉండిపోయింది.

లోపలికి వచ్చేసరికి అయ్యగారు అందరినీ కూర్చోబెట్టి పాట ఎత్తించారు. నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడెట్లనమ్మా? ఆ మనిషిని ఇట్లనే ఇంటికి పంపుదామా?" అన్నారు.

భాయ్‌కి ఫోన్ చేశాను. సంగతి సగం చెప్పానో లేదో, "ఫికర్ చెయ్యకు ఆపా, నల్లది మంచి మాలున్నది. జల్ది వస్త" అని పెట్టేశాడు. నేను ఎవరినైనా పంపుతానంటే వినిపించుకోలేదు. కొట్టు పక్కవాడికి అప్పజెప్పి, స్కూటరు ముందు బుట్ట పెట్టుకుని తానే వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర వదిలి, బుట్ట గడప మీద పెట్టి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "కడిగే తెచ్చిన. ఇంకోసారి కడుక్కోండ్రి" అన్నాడు. అయ్యగారు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీ వేయించారు. ఆరాధన అయ్యేదాకా భాయ్ ఆ కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.

వెనక గదిలో ఆడవాళ్లమంతా చేరి ద్రాక్ష నలిపాం. మరిగించే పని లేదు, అప్పటికప్పుడు తాగేదే కదా. చెల్లె బట్ట పట్టుకుంది, నేను పిండాను. మా అత్తమ్మను ఎవరో చెయ్యి పట్టి తీసుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఆమె కాసేపు మా చప్పుడు వింటూ కూర్చుని, "బిడ్డా" అని పిలిచింది.

"ఏందత్తమ్మా?"

"ఆ సీసలు నేనే తెరిచిన."

నా చేతిలో ద్రాక్ష అలాగే ఉండిపోయింది.

"ఆ పిలగాని కోసం ప్రార్థన చేద్దామనుకున్న. ఎప్పటి లెక్క పెట్టె మీద చెయ్యి పెట్టి చేస్తే మనసు ఒప్పలె. మూతలు తీసి, ఒక్కొక్క సీస మీద చెయ్యి పెట్టి, వాని పేరు చెప్పి చేసిన. మళ్ల మూతలు పెట్టి, మైనం గూడ పోసిన."

"అత్తమ్మా! మూత తియ్యద్దని నాకు నేర్పిందే నువ్వు కదా!"

"మరి మూత మీదికెల్లి చేస్తే లోపటికి పోతదా?" అంది. ముసలి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ముందు చెల్లె ఫక్కున నవ్వింది. ఆమె నవ్వగానే గదిలో అందరమూ నవ్వాం. అయ్యగారు తొంగి చూసి సంగతి విని, "పోయింది అవ్వా, నీ ప్రార్థన లోపటికి పోయింది. గందుకే ఆయన గ్లాసు కింద పెట్టిండు" అన్నారు. మా అత్తమ్మ కళ్లు తుడుచుకుని, "గట్లైతే మంచిదే" అంది.

బల్ల మళ్లీ మొదటినుంచి జరిగింది. రెండో షిఫ్టువాళ్లు టిఫిన్ గిన్నెలు పట్టుకుని ఒక కాలు గడప బయట పెట్టుకునే ఉన్నారు గానీ ఒక్కరూ కదల్లేదు. అతను మళ్లీ మొదటి వరసలో మోకరించాడు. గ్లాసు అందుకున్నాడు. ముందు వాసన చూశాడు. తర్వాత తాగాడు. ఆ ముందురోజు దాకా అతణ్ని దూరం పెట్టిన పెద్దలే అతనికి అటూ ఇటూ మోకరించి ఉన్నారు. చెల్లె పిల్లలు మోకాళ్ల మీద లేచి తండ్రినే చూస్తున్నారు.

నా వ్యాపారం మునగలేదు. కొన్నాళ్లు కొన్ని చర్చిలవాళ్లు మొహం చాటేసిన మాట నిజమే. మా అయ్యగారు ఎక్కడికి పోతే అక్కడ ఈ కథ చెప్పేవారు. చివర్లో, "ఆమె సరుకు ఖరాబైతే ఆమే లేచి చెప్తది, ఇంకెవలు చెప్తరు?" అనేవారు. దానితో పాతవాళ్లు తిరిగి రావడమే కాదు, కొత్తవాళ్లు కూడా అడిగారు. నేను పొగరుబోతునని మా ఆయన అంటాడు. ఈ విషయంలో మాత్రం నా గొప్పేమీ లేదు. ఒక ముసలమ్మ పిచ్చి ప్రేమ, ఒక భాయ్ మంచితనం, ఒక అయ్యగారి మాట, అన్నిటికీ మించి ఒక మనిషి కింద పెట్టిన గ్లాసు, వాటి మీద నా వ్యాపారం నిలిచింది. వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను.

తర్వాత కొన్నేళ్లకు కరోనా వచ్చింది. నా ప్రాణం వదిలి, నా ముక్కు తీసుకుపోయింది. నెలలు గడిచినా వాసన తిరిగి రాలేదు. రసం చేసేదానికి ముక్కు లేకపోతే ఇంకేం చేస్తుంది? ఇందాక చివర్లో చెబుతానన్న కారణం ఇదే. ఇక చాలిద్దామని చెల్లెతో అన్నాను. ఆ సాయంత్రం ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికి అతను బావిలో రిటైరై ఇంటి దగ్గరే ఉన్నాడు.

"పని నేను చేస్త అక్కా. వాసన ఆయన చూస్తడు" అంది.

నేను భయపడ్డాను. "వద్దు, ఎందుకొచ్చిన పరీక్ష?" అన్నాను.

అతను నవ్వాడు. "నాకంటే మంచిగ ఎవలకు తెలుస్తది వదినా? పులిసిన సీసను గది బయటికెల్లే పట్టుకుంట" అన్నాడు.

అప్పటినుంచి సరుకు వాళ్లదే. ప్రతి దఫాలో ఒక సీసా తెరిచి అతను వాసన చూశాకే మిగతావి బయటికి పోతాయి. తెరిచిన సీసా ఇంట్లో పిల్లలు తాగేస్తారు. మూత తీసి ప్రార్థన చేసే మనిషి ఇప్పుడు లేదు. ఆమె పోయేముందు కూడా ఆ ఈస్టర్ తలచుకుని నవ్వింది.

పోయిన నెల బల్ల ఆదివారం నాకు మోకరించడం చేతకాక కుర్చీలోనే ఉన్నాను. గ్లాసుల పళ్లెం పట్టుకుని అతనే వచ్చాడు, ఇప్పుడు అతను సంఘపెద్ద. గ్లాసు తీసుకుని, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎప్పటిలాగే నాకు ఏ వాసనా తెలియలేదు. అతను నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"నేను చూసిన వదినా. తాగు."

తాగాను.